ఎంత చిన్నగా గీయొచ్చు

కళ్ళజోళ్ళ దుకాణం, వెనక గది
మార్చి 3

ఒసేయ్ బేరింగూ,

ఉత్తరం చూసి కంగారు పడకు. అందరం క్షేమమే. ఫోన్లుండగా ఇదేం చాదస్తమని నువ్వు నవ్వుకుంటావని తెలుసు. నా ఫోను తెర పగిలింది, మాట సరిగ్గా వినపడటం లేదు. జవాబు మాత్రం దుకాణం చిరునామాకే రాయి. మా వీధికి పోస్టుమాన్ సరిగ్గా రాడు.

విషయం ఏమిటంటే, మీ బావకి బస్సు డిపోలో డ్యూటీ వేళలు మారాయి. టైంకీపర్లలో ఒకాయన రిటైరయ్యారు, ఆయన పొద్దుటి షిఫ్టు మీ బావ మీద పడింది. ఇన్నేళ్ళూ తనే నన్ను దుకాణం దగ్గర దింపి, తనే ఎక్కించుకుని వెళ్ళేవారు కదా. ఇక పొద్దున కుదరదు. నాలుగు కిలోమీటర్లు నేనే రావాలి. అందుకని ఎలక్ట్రిక్ సైకిలు కొందామంటున్నారు, కంపెనీ నుంచి అన్నీ బిగించి వచ్చేది.

నాకేమో నాన్న సైకిలుకి మోటారు కిట్టు బిగించుకోవాలని ఉంది. ఇంట్లో అడ్డంగా ఉందని మీ బావ దాన్ని పాత ఇనుముకి వేసేయబోతే, నేనే తెచ్చి ఈ దుకాణం వెనక వసారాలో పెట్టాను. దుకాణం యజమాని, మా పెద్దాయన, ఏమీ అనలేదు. కిట్టు అయితే ఛార్జింగు అయిపోయినా తొక్కుకుంటూ పోవచ్చు కదా.

నీ పనే అది కాబట్టి అడుగుతున్నాను. ఏది మంచిదో ఆలోచించి రాయి. కిట్టు మంచిదనే రాయి.

అక్క


షోరూము వెనక, సర్వీసు షెడ్డు
మార్చి 9

అక్కా,

తెర పగిలితే మాట వినపడకపోవడం ఏమిటి? నీ చెవులు తెర మీదున్నాయా? సర్లే, ఉత్తరం రాశావు, అదే పదివేలు. గ్రీజు చేతులతోనే రాస్తున్నాను, మరకలు పట్టించుకోకు.

కిట్టు మంచిదనే రాయమన్నావు. రాయను. ఆరేళ్ళు సొంతంగా షెడ్డు పెట్టి కిట్లు బిగించినదాన్ని. వాటి లొసుగులన్నీ నాకు తెలుసు. నాన్న సైకిలు వయసులో నీకంటే పెద్దది. దాని కడ్డీ బ్రేకులు నువ్వు తొక్కే వేగానికే అంతంత మాత్రం. మోటారు తగిలించామంటే అది ఆగేది ఎవరింటి గుమ్మంలోనో. యాక్సిల్ నట్లు వారం వారం చూసుకోవాలి. వాన పడితే తీగల అతుకులు తడుస్తాయి. పాడైతే అడగడానికి కంపెనీ అంటూ ఉండదు, నేనేమో నూట యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్నాను.

రెడీమేడ్ బండికి ఇవేవీ లేవు. మోటారు బరువు చూసుకునే ఫ్రేము కడతారు. డిస్కు బ్రేకులు. తీగలన్నీ గొట్టంలోనే దాగి ఉంటాయి. మూడేళ్ళు గ్యారంటీ. పైగా ఫోనులో దానికో యాప్ ఉంటుంది. బండి ఎక్కడుందో పటంలో చుక్కలా కనిపిస్తుంది. వేలితో పటం మీద ఒక గీత గీస్తే చాలు, ఆ గీత దాటిందంటే బండి మెల్లగా ఆగిపోయి చక్రం బిగుసుకుంటుంది. దొంగ ఎత్తుకుపోయినా పక్క వీధి దాకే. మా వాళ్ళు దాన్ని ‘భద్రతా గీత’ అంటారు. రోజుకి ముప్ఫై మందికి నేనే నేర్పిస్తాను, నిద్రలో లేపినా గీసేస్తాను.

బావగారు నిన్ను పల్లెత్తు మాట అనకుండా చూసుకుంటారు, అడక్కుండానే బండి కొనిస్తానంటున్నారు. నువ్వేమో పాత ఇనుము పట్టుకుని వేలాడుతున్నావు. నా మాట విని హాయిగా రెడీమేడ్ తీసుకో.

నీ బేరింగు


కళ్ళజోళ్ళ దుకాణం, వెనక గది
మార్చి 16

బేరింగూ,

అంతా చదివాను. నువ్వు చెప్పినవన్నీ నిజమే. అయినా నాకు కిట్టే కావాలి. ఎందుకని అడగకు, ముసలితనం వస్తోంది, మొండితనం వస్తోంది అనుకో. పోనీ, ఆ గీతలూ చుక్కలూ లేని రెడీమేడ్ బండి ఉందేమో చూడు. ఉంటే అది చాలు.

ఇంకో సంగతి. మా పెద్దాయనకి చూపు బాగా తగ్గింది. ఊరందరికీ కళ్ళజోళ్ళు చేసిపెట్టిన మనిషి, నిన్న నా టీ గ్లాసు తీసుకుని తాగేశారు. ఆగస్టు చివర దుకాణం మూసేస్తారట. వంతెన అవతల కంటి ఆస్పత్రి వాళ్ళు లెన్సుల వర్క్‌షాపు పెట్టారు. అక్కడ అరగదీసే విభాగం మొత్తం చూసుకోవడానికి మనిషి కావాలని పెద్దాయన్ని అడిగితే నా పేరు చెప్పారు. పని వాళ్ళకి మేడ మీద గదులు కూడా ఉన్నాయట. ఇంటి నుంచి పదకొండు కిలోమీటర్లు. మీ బావకి ఇంకా చెప్పలేదు.

ఈ బండి విషయం నువ్వు ఆయనతో మాట్లాడకు. నేనే చూసుకుంటాను.

అక్క


షోరూము వెనక, సర్వీసు షెడ్డు
మార్చి 18

అక్కోయ్!

కూర్చుని చదువు. బండి బయల్దేరింది! నిన్న నేనే బావగారికి ఫోను చేశాను. మా స్టాఫుకిచ్చే తగ్గింపులో నీలం రంగు బండి ఒకటి నీకోసం తీసి, ఆయన నంబరు మీదే రిజిస్టరు చేయించాను. నీ ఫోను ఎలాగూ పగిలిందన్నావుగా.

ఆయన ఎంత సంబరపడ్డారో! యాప్ ఎలా వాడాలో ఫోనులోనే నేర్పించాను. మా కస్టమర్లు అరగంట బుర్ర తింటారు, ఆయన రెండు నిమిషాల్లో పట్టేశారు. టైంకీపరు బుర్ర కదా! గీత గీయడం దగ్గర మాత్రం ఒక ప్రశ్న అడిగారు, నాకు నవ్వాగలేదు. “ఎంత చిన్నగా గీయొచ్చమ్మా?” అన్నారు. “మూడు వందల మీటర్లకి తగ్గదు బావగారూ, ఇంటి చుట్టూ కోట కడతారా ఏమిటి?” అన్నాను. “ఫరవాలేదు, సరిపోతుంది” అన్నారు.

ఇంకా కవరు అంటించలేదు. నీ 16వ తేదీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. ఆయనతో మాట్లాడొద్దన్నావా? అయ్యో, ఆలస్యమైపోయింది. మొహమాట పడుతున్నావు గానీ, బండి చూశాక నన్ను మెచ్చుకుంటావు చూడు. కొత్త ఉద్యోగానికి పదకొండు కిలోమీటర్లు అవలీలగా లాగుతుంది.

నీ బేరింగు


కళ్ళజోళ్ళ దుకాణం, వెనక గది
మార్చి 29

చెల్లీ,

బండి వచ్చింది. నీలం రంగు బాగుంది. నీ శ్రమకి సంతోషం.

ఇంటి నుంచి దుకాణానికి రోజూ పద్నాలుగు నిమిషాలు పడుతోంది. మొన్న పదహారు పట్టింది. సాయంత్రం మీ బావ ఎప్పటిలా నన్ను వెంటబెట్టుకుని వెళ్ళడానికి దుకాణానికి వచ్చి, ఆ రెండు నిమిషాలు ఎక్కడ ఆగానని అడిగారు. రైలు గేటు పడిందని చెప్పాను. గేటుమాన్‌కి ఫోను చేసి కనుక్కున్నారు. నిజమేనని తెలిశాక నవ్వి, “ఊరికే అడిగానులే” అన్నారు.

అక్క


షోరూము వెనక, సర్వీసు షెడ్డు
ఏప్రిల్ 4

అక్కా,

నువ్వు నన్ను బేరింగూ అనకుండా చెల్లీ అన్నావంటే ఏదో ఉంది. చిన్నప్పుడు నేను బేరింగు గుండు మింగిన రోజున ఒక్కసారే అలా పిలిచావు, నేను చచ్చిపోతున్నాననుకుని.

గేటుమాన్‌కి ఫోను చేయడం ఏమిటి? నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని మళ్ళీ చదివాను. పగిలిన తెర, రాని పోస్టుమాన్, నేను మాట్లాడొద్దన్న మాట. నేనేదో పొరపాటు చేశాను. అదేమిటో చెప్పు. నువ్వు చెప్పకపోతే ఈ నెలాఖరుకి బస్సెక్కి వచ్చేస్తాను.

బేరింగు


కళ్ళజోళ్ళ దుకాణం, వెనక గది
ఏప్రిల్ 19

బేరింగూ,

బస్సెక్కకు. నువ్వు మా ఊరి స్టాండులో దిగిన మరుక్షణం ఆయనకి తెలుస్తుంది. డ్రైవర్లూ కండక్టర్లూ అందరూ ఆయన మనుషులే. పెళ్ళైన కొత్తలో నేనొకసారి ఒక్కదాన్నే బస్సెక్కితే, కండక్టరు టికెట్ కొట్టకుండా “వదినగారూ, ఎక్కడికి? అన్నకి తెలుసా?” అన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు. ఆ తర్వాత నేను బస్సెక్కలేదు.

నీకు అబద్ధాలు రాశాను. ఫోను బాగానే ఉంది. అందులో ఎవరితో ఏం మాట్లాడానో ఆయన పొద్దుపోయాక కూర్చుని వింటారు. దుకాణం ఫోను కౌంటరు మీద ఉంటుంది, గంటకోసారి ఆయనే చేస్తారు. అందుకే ఈ కాగితాలు. ఆయన చెయ్యెత్తలేదు, గొంతెత్తలేదు. మనవాళ్ళందరి ముందూ “మా ఆవిడ గీసిన గీత దాటదు” అని మెచ్చుకుంటారు. నేను తల వంచుకుని నవ్వుతాను. పదకొండేళ్ళుగా నవ్వుతున్నాను. ఎవరితో చెప్పుకోను? కొట్టాడా అంటే కొట్టలేదు. తాగుతాడా అంటే తాగడు. మరి నీకు లోటేమిటి అంటారు. నువ్వూ అదే రాశావు.

ఆయన డ్యూటీ మారిందనగానే, నీ మీద ఒట్టు, వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను. నాన్న సైకిలు మీద పొద్దున పూట పద్నాలుగు నిమిషాలు ఎవరికీ కనపడకుండా ఉండొచ్చనుకున్నాను. నాకు కావలసింది అంతే. అందుకే కిట్టు కావాలన్నాను.

మొన్న పదిహేనున కొత్త వర్క్‌షాపులో నా పని చూస్తామన్నారు. ఆయనతో చెప్పాను. “అంత దూరం ఎందుకు? ఈ దుకాణం మూసేశాక హాయిగా ఇంట్లో ఉందువుగాని. బండి కూడా అమ్మేద్దాం” అన్నారు. ఎంత ప్రేమగా అన్నారో! నేను సరేనన్నాను. సరేనని, ఆ రోజు పదింటికి పెద్దాయనకి చెప్పి బయల్దేరాను. గీత ఎక్కడుందో నాకు తెలియదు. ఆయన చెప్పరు, నేను అడగలేదు.

వంతెన ఎక్కాక తెలిసింది. సరిగ్గా మధ్యలో బండి నీరసపడింది. మెల్లగా, మెల్లగా, నడిచే మనిషంత మెల్లగా వెళ్ళి ఆగింది. తొక్కబోతే చక్రం బిగుసుకుంది. నెట్టబోతే కదల్లేదు. అటు లారీలు, ఇటు లారీలు, హారన్లు. వెనక చక్రం ఎత్తి పట్టుకుని ఈడ్చాను. పాతిక కిలోల పైనే ఉంది నీ నీలం బండి. ఇరవై అడుగులు ఈడ్చానేమో. దాన్ని అక్కడే పడేసి నడిచి వెళ్ళొచ్చని ఒక్కసారి కూడా తోచలేదు, అది తలుచుకుంటే ఇప్పుడు ఏడుపొస్తోంది.

పదిహేడో నిమిషానికి ఆయన వచ్చారు. చేతిలో చల్లటి నీళ్ళ సీసా. “ఎండలో ఎంత కష్టపడ్డావు, నాకొక్క మాట చెప్పకపోయావా?” అన్నారు. ఫోను తీసి వేలితో ఏదో నొక్కారు, బండి బుద్ధిగా కదిలింది. ఇంటికొచ్చాక నా ముందే కూర్చుని గీత చెరిపి మళ్ళీ గీశారు. ఇల్లు, దుకాణం, మధ్యలో రోడ్డు. అంతే ఇప్పుడు నా లోకం. గీసి నాకు చూపించి, “బాగుందా?” అన్నారు.

బాగుందన్నాను.

అక్క


మా గది
ఏప్రిల్ 25

అక్కా,

మూడు కాగితాలు చించేశాను. ఏం రాసినా సరిపోవడం లేదు.

రోజుకి ముప్ఫై మందికి నేర్పిస్తానని గొప్పలు పోయానే, మా అక్క మెడకి తాడు వేయడం కూడా నేనే నేర్పించానన్నమాట. “ఎంత చిన్నగా గీయొచ్చమ్మా” అంటే పకపకా నవ్వాను. ఆ నవ్వు నా చెవిలో ఇంకా వినిపిస్తోంది. నువ్వు మొదటి ఉత్తరంలోనే అడిగావు, కిట్టు మంచిదనే రాయి అని. బ్రేకుల గురించి ఉపన్యాసమిచ్చాను. నిన్ను మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు. నన్ను తిట్టు అక్కా, నీకు దండం పెడతాను.

ఆ గీత తీసేద్దామని షోరూము కంప్యూటరులో చూశాను. రిజిస్టరైన నంబరుకి కబురు వెళ్ళకుండా ఏమీ చెరపలేం. ఆ నంబరు ఆయనది. ఇచ్చింది నేను.

సరే, ఏడుపు ఆపాను. ఇప్పుడు మెకానిక్కుగా రాస్తున్నాను. ఆ నీలం బండిని ముట్టుకోవద్దు. అది రోజూ ఇల్లూ దుకాణమూ తిరుగుతూ ఉండనీ. వసారాలో నాన్న సైకిలుందిగా? దానికి కిట్టు బిగించుకుందువుగాని. నువ్వే. చక్రం మొత్తం పంపితే అంత పెద్ద పార్సిలు కళ్ళజోళ్ళ దుకాణానికెందుకని ఎవరైనా అడుగుతారు. అందుకని మోటారు విడిగా, స్పోకులు విడిగా, మోటారుకి కరెంటు పంపే కంట్రోలరు విడిగా చిన్న పెట్టెల్లో పంపుతాను. పైన ‘లెన్సులు, పగిలే వస్తువు’ అని రాస్తాను. పాత ముందు చక్రం రిమ్ము అలాగే ఉంచి, నడుమ మోటారు పెట్టి నువ్వు అల్లుకోవాలి. నాన్న దగ్గర చక్రాలు అల్లేటప్పుడు నాకంటే నీకే మంచి చెయ్యి ఉండేది, మర్చిపోయానని చెప్పకు.

రిమ్ము లోపలి కొలత మిల్లీమీటర్లలో పంపు. స్పోకులు కోసి పంపుతాను.

బేరింగు


కళ్ళజోళ్ళ దుకాణం, వెనక గది
జూన్ 8

బేరింగూ,

నిన్ను తిట్టడానికి నాకు తీరిక లేదు, చేతినిండా పనుంది.

పెట్టెలు మూడూ అందాయి. పెద్దాయన ఒకటి ఎత్తబోయి, “ఇవేం లెన్సులే తల్లీ, ఏనుగుకి కళ్ళజోడు చేస్తున్నావా?” అన్నారు. అప్పుడు ఆయనకి మొత్తం చెప్పేశాను. ఎవరితోనైనా నోటితో చెప్పడం అదే మొదటిసారి. ఆయన కౌంటరు మీద ఫోను తీసి తన పక్కన పెట్టుకుని, “ఇకమీదట నేనెత్తుతాను. పనిలో ఉందని చెబుతాను. అబద్ధం కాదుగా” అన్నారు.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండింటి దాకా షట్టరు సగం దించి వసారాలో కూర్చుంటున్నాను. ముప్ఫై ఆరు స్పోకులు. మొదటిసారి అల్లితే రిమ్ము పాములా మెలికలు తిరిగింది. విప్పాను. రెండోసారి చేతులకి గుర్తొచ్చింది. నాన్న ఏమనేవాడు? కంటితో చూడకు, మీటి విను. నిన్న స్పోకు స్పోకూ మీటుతూ వచ్చాను. ఇరవై ఒకటోది బొంగురుగా పలికింది. పావు చుట్టు బిగించాను. తర్వాత అన్నీ ఒకే గొంతుతో పలికాయి. నాకు పట్టలేనంత సంతోషమేసింది. పెద్దాయన లోపలి నుంచి, “ఆ ముప్ఫై రెండోది ఇంకొంచెం బిగించు” అని అరిచారు. చూపు తగ్గింది గానీ చెవులు పాముచెవులు.

సాయంత్రం ఇంటికెళ్ళాక, గోళ్ళలో నలుపేమిటని మీ బావ అడిగారు. లెన్సుల మిషనుకి నూనె వేశానన్నాను. చెయ్యి తీసుకుని వాసన చూశారు. “పాపం” అని, ఆయనే సబ్బు తెచ్చి కడిగారు.

ఇక నిమ్మకాయ చెక్క ఒకటి దుకాణంలో ఉంచుకోవాలి.

అక్క


షోరూము వెనక, సర్వీసు షెడ్డు
జూన్ 17

అక్కా,

బ్యాటరీ పార్సిలు వాళ్ళు తీసుకోరు. మా షోరూముకి బళ్ళు తెచ్చే లారీ డ్రైవరు మీ దారినే వెళ్తాడు, అతని చేతికిస్తున్నాను. నమ్మకమైన మనిషి. డిపోతో సంబంధం లేనివాడు, అది కూడా కనుక్కున్నాను.

జాగ్రత్తగా చదువు. మోటారు తీగ నీకు ఎడమ చేతివైపు రావాలి, కిందికి వంగి రావాలి, లేకపోతే వాననీళ్ళు జారి లోపలికి పోతాయి. యాక్సిల్ తిరిగిపోకుండా ఇనుప పట్టీ పంపాను, దాన్ని ఫోర్కుకి రెండు చోట్ల బిగించందే బండెక్కావంటే ఊరుకోను. కడ్డీ బ్రేకులకి మోటారు ఆపే మీట తగిలించలేం కాబట్టి, బ్రేకు పట్టే ముందు బొటనవేలు ఎత్తేయాలి. హ్యాండిల్ మీద వేలి కింద చిన్న రెక్కలాంటిది ఉంటుంది, నొక్కితే బండి పోతుంది, ఎత్తితే ఆగుతుంది. అంతే దాని తెలివి. దానికి నువ్వెవరో తెలియదు, ఎక్కడున్నావో తెలియదు.

కంట్రోలరు నుంచి రెండు తెల్ల తీగలు వస్తాయి, ఒకదానికొకటి తగిలించి ఉంటాయి. అవి కలిసి ఉన్నంతసేపూ వేగం ఇరవై దాటదు. ఆ బ్రేకులకి అదే మంచిదని కలిపి పంపాను. కానీ ఒక గీత గీసి చేసిన పాపం చాలు నాకు. ఉంచుతావో ఊడదీస్తావో నీ ఇష్టం. అది నీ చేతికి అందేచోటే ఉంది.

ఆస్పత్రి వాళ్ళు ఏమంటున్నారు?

బేరింగు


కళ్ళజోళ్ళ దుకాణం, వెనక గది
ఆగస్టు 7

బేరింగూ,

పని అయింది. మోటారు తిరుగుతోంది. తెల్ల తీగలు అలాగే ఉంచాను, నాకు ఇరవై చాలు.

ఆస్పత్రి వాళ్ళే ఒక మనిషిని లెన్సులతో ఇక్కడికి పంపి నా పని చూసుకున్నారు. పెద్దాయన చేసిన ఏర్పాటు. ఇరవయ్యో తేదీలోగా వచ్చి చేరమన్నారు. మేడ మీద గది ఇస్తామన్నారు. ఇక్కడేమో పెద్దాయన అద్దాల బీరువాలు అమ్మకానికి పెట్టారు. ఇంట్లో మీ బావ నీలం బండికి బేరం చూస్తున్నారు. సెప్టెంబరు నుంచి నేనెక్కడికి వెళ్ళాలి గనక?

నిన్న మధ్యాహ్నం నీలం బండిని దుకాణం ముందు నిలబెట్టి, నాన్న సైకిలు మీద వెనక సందులోంచి బయటపడ్డాను. ఎంత బాగుందో ఎలా చెప్పను! గాలి ముఖానికి కొడుతుంటే గట్టిగా కూనిరాగం తీశాను. దారిలో ఒకామె నన్ను చూసి నవ్వింది కూడా.

వంతెన ఎక్కాను. సరిగ్గా ఆ చోటికి వచ్చాను. ఆ చోట రెయిలింగు మీద నీలం రంగు గీసుకుపోయిన మరక ఉంది, ఆ రోజు నేను ఈడ్చినప్పుడు పడింది. దాన్ని చూడగానే నా బొటనవేలు దానంతటదే పైకి లేచింది. మోటారు ఆగింది. కాలు కింద పెట్టాను. ఎవరూ ఆపలేదే. చక్రం బిగుసుకోలేదు. గీతా లేదు, యాపూ లేదు. అయినా ముందుకి పోలేకపోయాను. పదిహేడు నిమిషాలు అక్కడే నిలబడ్డాను. లెక్కపెట్టానని కాదు, అలవాటైపోయింది, తెలిసిపోతుంది. ఆయన రాలేదు. రానందుకు నాకేదో భయమేసింది కూడా. వెనక్కి తిప్పుకుని వచ్చేశాను.

మోటారు బిగించుకున్నంత తేలిక కాదే ఇది. గీత ఆ నీలం బండిలో ఉందనుకున్నాం ఇద్దరమూ. నాలో ఉంది. దీన్ని ఏ స్పానరుతో విప్పాలో నీకు తెలిస్తే రాయి.

అక్క


షోరూము వెనక, సర్వీసు షెడ్డు
ఆగస్టు 11

అక్కా,

నాకు తెలియదు. తెలిసినట్టు రాస్తే మళ్ళీ ఉపన్యాసమవుతుంది.

కానీ నీ మొదటి ఉత్తరం నా ముందుంది. కిట్టు ఎందుకు కావాలో అందులో నువ్వే రాశావు, ఛార్జింగు అయిపోయినా తొక్కుకుంటూ పోవచ్చని. నీ బొటనవేలు మళ్ళీ లేస్తుంది, లేవనీ. మోటారు ఆగుతుంది, ఆగనీ. అది నీలం బండి కాదు, నాన్న సైకిలు. తొక్కు.

నీ మీద ఒక్క గీతా గీయను. వెళ్ళు అని కూడా అనను. ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను, లారీ మీదైనా సరే.

నీ బేరింగు


వంతెన అవతల, లెన్సుల వర్క్‌షాపు, మేడ మీద గది
ఆగస్టు 21

ఒసేయ్ బేరింగూ,

పై చిరునామా ఇంకోసారి చదువుకో.

నిన్న పొద్దున ఎప్పటిలా పద్నాలుగు నిమిషాల్లో దుకాణానికి వచ్చాను. నీలం బండిని గుమ్మం ముందు స్టాండు వేసి, తాళం చెవీ, నా ఫోనూ దాని బుట్టలో పెట్టాను. బట్టల సంచీ నాన్న సైకిలు వెనక కట్టుకున్నాను. పెద్దాయన కాళ్ళకి దండం పెడితే, “తొందరగా పో, నాకు కనపడకుండా పో, అప్పుడు చూడలేదని అబద్ధం చెప్పక్కర్లేదు” అన్నారు.

వంతెన మీద అదే మరక దగ్గర వేలు మళ్ళీ లేచింది. మోటారు ఆగింది. తొక్కాను. ఏడుస్తూనే తొక్కాను, ముక్కు తుడుచుకోవడానికి కూడా హ్యాండిల్ వదల్లేదు. వంతెన దిగాక గానీ వేలు మళ్ళీ ఆ రెక్క మీదికి వెళ్ళలేదు. చేరేసరికి ఎంత పట్టిందో తెలియదు. నేను గడియారం చూసుకోలేదు.

గదికి కిటికీ ఉంది. కింద వసారాలో సైకిలు కనపడుతుంది. ఆదివారం నువ్వు రా. ఇరుసు నట్లు ఒకసారి చూద్దువుగాని, నాకెందుకో ఎడమది వదులైందనిపిస్తోంది.

మీ బావ రేపో ఎల్లుండో ఇక్కడికీ వస్తారు. నాకు తెలుసు. ఇక్కడ గేటు దగ్గర పేరు రాసి కూర్చోవాలి, లోపలికి పంపాలా వద్దా అని పైకి వచ్చి నన్ను అడుగుతారు. నిన్న రాత్రి భయంతో నాకు నిద్ర పట్టలేదు. ఇవాళ కూడా పట్టకపోవచ్చు.

పెద్దాయన పొద్దున వర్క్‌షాపుకి ఫోను చేశారు. మీ బావ నిన్న సాయంత్రం ఆరింటికి ఎప్పటిలా దుకాణానికి వచ్చారట. నేను వెళ్ళిపోయానని పెద్దాయన చెబితే నమ్మలేదట. ఫోను తీసి పటంలో చుక్క చూపించి, “బండి ఇక్కడే ఉంది కదండీ, తనెక్కడికి పోతుంది?” అన్నారట. ఎనిమిదింటి దాకా ఆ నీలం బండి పక్కనే కూర్చుని నా కోసం ఎదురు చూశారట.

ఉంటాను. కింద ఇరవై రెండు జతల లెన్సులున్నాయి, సాయంత్రానికల్లా అరగదీయాలి.

అక్క